బందరు సమాధుల మధ్య

ప్రభుత్వ కాగితాలలో మచిలీపట్నము అని వ్రాస్తారు గాని మన కృష్ణా జిల్లావారి నోట ఆ పేరు రాదు. మనకు అది బందరే. బందరు అంటే ఓడరేవు. లడ్డు కోసమో, చిలకలపూడి గిల్టు నగల కోసమో, కోర్టు పని మీదనో, కలెక్టరాఫీసు పని మీదనో బందరు వెళ్ళినవారు మన పాఠకులలో చాలామంది ఉంటారు. కోనేరు సెంటరులో దిగి, పని చూసుకొని, పొద్దు గుంకకముందే బస్సెక్కి వచ్చేసి ఉంటారు. మేమూ ఎన్నోసార్లు అలాగే వచ్చేశాము. ఈసారి మాత్రం సమాధులు చూడటానికే వెళ్ళాము.

ఇదేమి ప్రయాణమని కొందరు నవ్వారు. సమాధుల పండుగనాడు మనవారి సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాము. పరాయివారి సమాధుల దగ్గర మనకేమి పని? అయితే బందరువంటి చిన్న ఊరిలో ఒక సమాధి దగ్గర నిలబడితే ఆ కథ ఆ ఒక్కరితో ఆగదు. ఈ రాతి క్రింద ఉన్న మనిషి ఇంకొక రాతి క్రింద ఉన్నవాని కథలోనూ కనబడతాడు. కొందరు రచయితలు ఒకే ఊరి మనుష్యుల గురించి విడివిడిగా చిన్న కథలు వ్రాసి, ఒక కథలో చనిపోయినవారి కోసం మరొక కథలో ఎవరో ఏడుస్తున్నట్టు చూపిస్తారు. బందరు సమాధులను చదవడము సరిగ్గా అలాంటిదే.

మాతో అత్తయ్య కూడా వచ్చారు. ఆమె మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తయ్య. ఈ వ్యాసంలో అత్తయ్య అనే వ్రాస్తాము. ఆమె పుట్టింది దివిసీమలో, సముద్రానికి దగ్గరి పల్లెలో. మోకాళ్ళ నొప్పులతో గుడికి వెళ్ళడానికే ఆటో కావాలనే మనిషి, ఈ ప్రయాణం మాట వినగానే సంచి సర్దుకొని కూర్చున్నారు. ఎందుకు వస్తానన్నారో అప్పుడు చెప్పలేదు, మేమూ అడగలేదు. నవంబరు మొదటి వారంలో ఒక ఉదయం అవనిగడ్డలో బస్సెక్కి, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరాము. దారి పొడవునా వరి పొట్ట మీద ఉంది.

ఈ ఊరి పాత చరిత్ర పుస్తకాలలో కంటే పేటల పేర్లలోనే బాగా నిలిచింది. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అని ఆటోవాళ్ళు ఈ రోజుకూ కేకలు వేస్తుంటారు. వలందులంటే హాలెండువారు, అనగా డచ్చివారు. పరాసులంటే ఫ్రెంచివారు. డచ్చివారు 1605లో వచ్చారు, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు, ఫ్రెంచివారు ఆ తరువాత వచ్చారు. అందరినీ ఇక్కడికి రప్పించినది మన నేతగాళ్ళ బట్ట, మన అద్దకపువాళ్ళ రంగు. పక్కనున్న పెడనలో ఇప్పటికీ ఆ కలంకారీ అద్దకము సాగుతూనే ఉంది. వచ్చినవారిలో అందరూ తిరిగి వెళ్ళలేదు. జ్వరాలు, విరేచనాలు, ఈ ఎండ, ఈ ఉప్పునీరు చాలామందిని ఇక్కడే ఉంచేశాయి.

డచ్చివారి సమాధుల తోటను ఇప్పుడు పురావస్తుశాఖవారు కాపాడుతున్నారు. పెద్ద పెద్ద నల్లరాతి పలకల మీద అక్షరాలను లోపలికి తొలవకుండా పైకి ఉబ్బేటట్లు చెక్కారు. పైన ఒక్కొక్క వంశపు చిహ్నము, క్రింద డచ్చిలోనో లాటిన్‌లోనో వ్రాత. మాకు చదవడం వచ్చింది అంకెలు మాత్రమే. పదహారు వందలతో మొదలయ్యే సంవత్సరాలు. చెక్కినవాడు అక్షరాల నగిషీలో ఎంత ఓపిక చూపాడో! ఆ రాతికి డబ్బు ఇచ్చినవారు ఎవరైనా ఇది శాశ్వతంగా చదువుకుంటారనే అనుకొని ఉంటారు. 1824 ఒప్పందంతో డచ్చివారు మన దేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువారికి వదిలేశారు. అటుపైన ఆ భాష చదివేవాడే ఈ తీరంలో లేకపోయాడు.

"వీళ్ళ తాలూకు వాళ్ళెవరైనా వస్తారా బాబూ?" అని అత్తయ్య అక్కడున్న ఒక మనిషిని అడిగారు.

"ఎప్పుడో ఒకసారి ఫారినోళ్ళు వస్తారమ్మా. ఫొటోలు తీసుకొని పోతారు" అన్నాడతడు.

అత్తయ్య చెప్పులు విడిచి, ఒక పలక మీద పాకిన తీగను పీకి పక్కన వేశారు. ఎవరిదో ఆమెకు తెలియదు. మాకూ తెలియదు.

అక్కడి నుండి సెయింట్ మేరీస్ ఆలయానికి వెళ్ళాము. ఈ ఆలయము కథను బందరులో పెద్దవాళ్ళు చాలా తీరులుగా చెబుతారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జాన్ పేటర్ అనే సేనాధికారి ఉండేవాడు. అతడు అరబెల్లా రాబిన్సన్ అనే యువతిని ప్రేమించాడు. ఆమె 1809లో చనిపోయింది. ఆమె రోమను కతోలిక సంఘానికి చెందినది కాబట్టి ఇంగ్లీషువారి సమాధుల తోటలో చోటివ్వమన్నారట. అప్పుడతడు సొంత డబ్బుతో నేల కొని, ఆమెను అక్కడ ఉంచి, ఆ సమాధి మీదనే ఆలయము కట్టించాడని చెబుతారు. దేహాన్ని చెడిపోకుండా అద్దాల పెట్టెలో ఉంచి చూసుకొనేవాడనీ, పెట్టె పైకి లేచే మరనొకదానిని అమర్చాడనీ కూడా చెప్పుకొంటారు. ఊరివాళ్ళ నోట కథ పెరగడం మామూలే గనుక ఆ పెట్టె సంగతి మేము నమ్మమనీ నమ్మవద్దనీ చెప్పము. ఆలయము ఉంది, ఆమె సమాధి ఉంది. అంతవరకు కళ్ళతో చూడవచ్చు.

మాకు మాత్రము అక్కడ అబ్రాహాము గుర్తుకు వచ్చాడు. శారా చనిపోయినప్పుడు ఆ దేశమంతా తన సంతానానికి ఇస్తానని దేవుడు చెప్పిన మనిషికి, భార్యను పాతిపెట్టడానికి అడుగు నేల కూడా లేదు. హేతువారి యెదుట వంగి, ఎఫ్రోనుకు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలా పొలము కొన్నాడు. బేరము సంగతి అంత వివరంగా లేఖనంలో ఎందుకు వ్రాశారా అని మేము చిన్నప్పుడు అనుకొనేవాళ్ళము. మాలపల్లెలకు, మాదిగపల్లెలకు సమాధుల స్థలము కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన సంఘపెద్దలను అడిగితే ఎందుకు వ్రాశారో చెబుతారు.

అరబెల్లా సంగతి విని అత్తయ్య, "చచ్చాక కూడా మనవాళ్ళా కాదా అని చూశారా?" అని మాత్రము అన్నారు.

ఆలయము ఆవరణలో చెట్టు క్రింద కూర్చొని, తెచ్చుకొన్న పులిహోర తిన్నాము. అక్కడి నుండి నోబుల్ కాలేజీ వైపు వెళ్ళాము. మన సంఘాలలో ఈ పేరు తెలియనివారు తక్కువ. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు స్నేహితులు 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన తెలుగు దేశానికి వచ్చారు. నోబుల్‌కు ముప్పైరెండేళ్ళు, పెళ్ళి కాలేదు. ఫాక్స్‌కు ఇరవై నాలుగేళ్ళు, కొత్తగా పెళ్ళయింది, భార్య ఎలిజబెత్ వెంట వచ్చింది. నోబుల్ 1843లో బడి పెట్టి, ఆ బడి గదులలోనే తన జీవితమంతా గడిపాడు. ఫాక్స్‌కు నాలుగు గోడల మధ్య కూర్చోవడం పడదు. తెలుగు బాగా నేర్చుకొని పల్లెల వెంట, సంతల వెంట, తిరునాళ్ళ వెంట తిరిగాడు.

ఫాక్స్ దంపతులకు బందరులో పిల్లలు పుట్టారు. పెద్ద కుమారుడు హెన్రీ ఎలియట్ 1841లో ఈ ఊరిలోనే పుట్టాడు. ఈ వాతావరణము ఆ తల్లికి సరిపడలేదు. చివరకు 1845లో పిల్లలతో ఇంగ్లండుకు బయలుదేరారు. ఆ ప్రయాణంలోనే ఎలిజబెత్ కన్నుమూసింది. ఫాక్స్ తల్లి లేని బిడ్డలను వెంటబెట్టుకొని ఓడ ప్రయాణము ముగించి, వారిని తన దేశంలో విడిచి, ఒంటరిగా బందరుకు తిరిగి వచ్చాడు. వచ్చినా ఎంతో కాలము నిలువలేకపోయాడు. ఆరోగ్యము చెడి 1848లో మళ్ళీ వెళ్ళి, ఆ అక్టోబరులోనే చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఒక్క సంవత్సరాలు.

ప్రసంగాలలో ఇలాంటి వారిని త్యాగమూర్తులని ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్ళిపోవడము మనకు అలవాటు. కొంచెము ఆగితే మంచిది. ఆ పిల్లలకు ఏడేళ్ళు నిండకముందే తల్లి పోయింది, తండ్రి దూరదేశానికి వెళ్ళిపోయాడు, తిరిగి వచ్చి పోయాడు. బందరులో నోబుల్‌కు ఒక ఉత్తరము వచ్చి ఉంటుంది. ఒకే ఓడలో వచ్చిన స్నేహితుడు లేడని దూరం నుండి వచ్చిన కాగితము చెబితే తెలిసి ఉంటుంది. ఆ మరునాడు కూడా నోబుల్ బడి గంట కొట్టించే ఉంటాడు, మనిషి తీరు అలాంటిది. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అతడు సొంత దేశము వెళ్ళలేదు. 1865 అక్టోబరులో ఇక్కడే చనిపోయాడు. ఫాక్స్ చదువుకొన్న రగ్బీ పాఠశాలవారు చందాలు వేసుకొని, అతని పేరు మీద నోబుల్ బడిలో ఒక ఉపాధ్యాయుణ్ణి నిలిపారు. ఆ విధంగా పల్లెలు తిరిగిన ఫాక్స్ పేరు, అతడు కూర్చోలేకపోయిన బడిలోనే నిలిచింది. బందరులో పుట్టిన ఆ పెద్ద కుమారుడు పెరిగి, 1895 నుండి అదే మిషనరీ సొసైటీకి కార్యదర్శి అయ్యాడు.

నోబుల్‌గారిని గూర్చి ఇంకొక సంగతి కూడా వ్రాయాలి. అగ్రకులాల పిల్లలు బడి మానేస్తారనే భయంతో, అంటరానివారని పేరుపెట్టబడిన కులాల పిల్లలను ఆయన బడిలో చేర్చుకొనలేదు. ఈ పత్రిక చదివే చాలా కుటుంబాల ముత్తాతలకు ఆ గుమ్మము మూసే ఉంది. మన సంఘాలకు మూలపురుషుడనదగిన రాఘవాపురం పగోలు వెంకయ్యగారు 1859లో బాప్తిస్మము పొందినది ఆ బడి వలన కాదు. నోబుల్‌గారి పట్ల మాకు గౌరవము ఉంది. ఆయన పేరు తలచినప్పుడల్లా ఈ సంగతి కూడా తలవాలని మా అభిప్రాయము.

ఆ బడిలో చదివిన మంచాల రత్నంగారు, ఐనాల భూషణంగారు 1852 ఆగస్టులో బాప్తిస్మము పొందారు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వెలమలు. ఊరు అట్టుడికింది. బడి ఖాళీ అయిపోయింది. ఆ తరువాత వారిద్దరూ గురువులుగా అభిషేకము పొందారు. వారి విశ్వాసాన్ని మనము చెప్పుకొంటాము, చెప్పుకోవలసినదే. కాని ఆ రోజులలో కులము విడిచిన కొడుకు చనిపోయినవానితో సమానము. బ్రతికి ఉన్న కొడుకు కోసం ఏడ్చిన ఆ తల్లుల గురించి మన ప్రసంగాలలో ఎవరూ మాట్లాడగా మేము వినలేదు. వారికి సమాధుల తోటలో గుర్తు ఏమీ ఉండదు. అయినా బందరు కథలలో వారి కథ కూడా ఉంది.

ఇక 1864 నవంబరు ఒకటవ తారీకు. సకల పరిశుద్ధుల దినము. ఆ రాత్రి వచ్చిన తుఫానులో సముద్రము ఊరి మీదికి వచ్చింది. బందరు ఎదుట సముద్రానికి లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. గాలి నీటిని ఒడ్డు వైపు నెట్టినప్పుడు, లోతు లేనిచోట ఆ నీటికి క్రిందికి పోయే దారి ఉండదు. ఎత్తుగా లేచి నేల మీదికి వస్తుంది. ఇటు నేల కూడా అరచేయిలా చదునుగా ఉన్నది. ఆ రాత్రి ఊరిలోనూ చుట్టుపక్కలనూ దాదాపు ముప్పై వేలమంది చనిపోయారని లెక్క. షార్కీ దొరసానిగారు నడుపుతున్న ఆడపిల్లల వసతి బడిలోనే ముప్పైమందికి పైగా కొట్టుకొనిపోయారు. పల్లెల నుండి, కొందరు తల్లిదండ్రులు లేక, కొందరు చదువు కోసం వచ్చిన పిల్లలు. మేము తిరిగిన చోట వారి పేర్లతో రాయి ఏదీ మాకు కనబడలేదు.

ఈ సంగతి చెబుతూ ఉండగా అత్తయ్య మమ్మల్ని ఆపారు. "ముప్పైమందికీ పేర్లు లేవా?" అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె చెప్పినది మాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ వినలేదు.

1977 నవంబరు 19, శనివారము. ఆ ఉప్పెన తెలియని ఇల్లు దివిసీమలో లేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేలమందికి పైగా పోయారు. అత్తయ్యకు అప్పుడు పదకొండేళ్ళు. తల్లి, నాలుగేళ్ళ తమ్ముడు ఇంట్లో ఉన్నారు. తండ్రి పొలము నుండి పరుగున వచ్చి, పెద్దపిల్ల గనుక అత్తయ్యను తాటిచెట్టుకు పంచెతో కట్టి, వాళ్ళ కోసం వెళ్ళాడు. నీళ్ళు ఒక్కసారే వచ్చాయి. మరునాడు తండ్రి దొరికాడు. తల్లి దేహము మూడవ రోజున దొరికింది. తమ్ముడు దొరకలేదు. దొరికినవారికైనా విడివిడిగా సమాధులు ఎక్కడివి? శవాలను కుప్పగా వేసి కాల్చారు, గోతులలో పూడ్చారు. అమ్మను ఎక్కడ పెట్టారో తరువాత వెళ్ళి వెతికితే ఆనవాలు తెలియలేదట. మా తాతగారు ఆ తరువాత ఇరవై ఏళ్ళు బ్రతికారు. ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఏటా సమాధుల పండుగకు అందరూ పూలు పట్టుకొని వెళ్తుంటే ఆయన చేను గట్టు మీద కూర్చొనేవారట.

"అందుకే వచ్చానర్రా. వీళ్ళెవరికో రాళ్ళున్నాయి కదా, ఎలా ఉంటాయో చూద్దామని" అన్నారు.

మాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఇప్పుడు బందరులోనే వాతావరణశాఖ రాడారు ఉంది, ఒడ్డు పల్లెలలో తుఫాను షెల్టర్లు కట్టారు, 1990 మే తుఫానుకు లక్షకు పైగా జనాన్ని ముందే తరలించగా చావులు వెయ్యి లోపే ఉన్నాయి. ఈ సంగతులన్నీ మాకు తెలుసు. ఆ సమయంలో అవి చెప్పే మాటలు కావు. కూర్చొని ప్రార్థన చేశాము, అది కూడా అత్తయ్యే చేశారు. షార్కీ దొరసానిగారి పిల్లల కోసం కూడా చేశారు. చనిపోయినవారి కోసం ప్రార్థించడము మన సంఘ పద్ధతి కాదని మాకు తెలుసు. ఆమె చేసిన దానిని ఆపాలని మాకు అనిపించలేదు.

తిరుగు బస్సులో, చల్లపల్లి దాటాక, ఆమె అసలు మాట బయటపెట్టారు.

"నాకు రాయి వేయిస్తారు కదా. దాని మీద మా అమ్మ పేరు, తమ్ముడి పేరు కూడా వేయించండి."

"అలాగే. మామయ్యగారి పేరేమిటి? బాప్తిస్మపు పేరు?"

ఆమె చాలాసేపు కిటికీలోంచి చూశారు. అందరూ వాణ్ణి చంటి అనే పిలిచేవారు. బాప్తిస్మమప్పుడు అయ్యగారు ఏదో బైబిలు పేరు పెట్టారు, సమూయేలో, శామ్యూల్ రాజో, సైమనో, ఆమెకు నిశ్చయంగా తెలియదు. తాతగారిని అడగడానికి ధైర్యము చాలలేదు, ఆయన పోయారు. గుడి రిజిస్టరు గుడితోపాటే ఉప్పెనలో కొట్టుకొనిపోయింది. ఆ పేరు పెట్టిన అయ్యగారు కూడా లేరు.

"రాతి మీద చంటి అని వేస్తే బాగుంటుందా అమ్మా?" అని మాలో ఒకరము అనుమానంగానే అన్నాము.

"వాణ్ణి పిలిచింది ఆ పేరుతోనే కదరా" అన్నారు.

ఇంటికి వచ్చాక ఆ రెండు అక్షరాలను బైబిలు వెనుక ఖాళీ పేజీలో, ఆమె తల్లి పేరు క్రింద వ్రాసి, 1977 అని వేశాము. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకొని చదివి, పుట్టిన సంవత్సరము కూడా వేయమన్నారు. నాలుగేళ్ళవాడు కదా, లెక్క కట్టి 1973 అని వేశాము.